నిరుటి గాలి

"నా సామాను వరండాలో ఎందుకుంది?"

హర్సోయో గుమ్మం అవతలే నిలబడి అడిగాడు. లోపలికి రావాలంటే నడుం వంచాలి. ఉప్పునీళ్ళు పైకొచ్చిన ప్రతిసారీ మట్టి పోసి నేల ఎత్తు పెంచుకుంటూ వచ్చారు గాని, గుమ్మం పెరగలేదు. లెదోక్ ఊళ్ళో ఏ ఇంట్లోకి వెళ్ళినా తల వంచే వెళ్ళాలి. ఇవాళ అతనికి తల వంచబుద్ధి కాలేదు.

లోపల వెనింగ్ నేల మీద కూర్చుని వెదురు పేళ్ళు చీలుస్తోంది. తల ఎత్తలేదు.

"మీ సామానే కదా. సరిచూసుకోండి. ఏదైనా తగ్గితే చెప్పండి."

మీరు అంది. వెనింగ్ మొగుణ్ణి మీరు అందంటే, వంటింట్లో అత్తగారు కూడా చేపలు తోమడం ఆపి చెవి ఒగ్గుతుంది. ఇప్పుడూ అదే జరిగింది. లోపల గరగరమంటున్న కత్తి చప్పుడు ఆగిపోయింది.

వరండాలో అతని టంకం పెట్టె, వైర్ల చుట్టలు, చిన్న చిన్న మోటార్లు, కంప్యూటరు అన్నీ దుమ్ము తుడిచి వరసగా పెట్టి ఉన్నాయి. విసిరి పారేసి ఉన్నా అతనికి కాస్త నయంగా ఉండేది.

"ఇది మా అమ్మ ఇల్లు," అన్నాడు.

"ఇల్లు అత్తయ్యదే. పనిగది మాత్రం నాది. నేను పనిగదిలోంచే తీశాను. పడుకోవడానికి రండి, నేనేం వద్దన్లేదు."

"ఇవాళ పెట్టుకోవాలా ఈ గొడవ? మధ్యాహ్నం ప్రారంభోత్సవం పెట్టుకుని?"

"నేను పెట్టుకోలేదు. పొద్దున్నే హోటల్ నుంచి ఫోనొచ్చింది. మీవారిచ్చిన రికార్డు అద్భుతంగా ఉందమ్మా, ఆకులు తుఫానులో ఊగినట్టు ఊగుతున్నాయి, ఆయనకి మా కృతజ్ఞతలు చెప్పండి అన్నారు. చెప్తానన్నాను. ఇదిగో, చెప్తున్నాను."

హర్సోయో అప్పుడు తల వంచి లోపలికొచ్చాడు.

ఉప్పుటేరు అవతల సముద్రాన్ని పూడ్చి కట్టిన ఆ కొత్త హోటల్లో, పెద్ద హాలు కప్పు నిండా వేలాడుతోంది వాళ్ళిద్దరి రెండేళ్ళ కష్టం. కాగితమంత పలచగా చెక్కిన వెదురు ఆకులు గుత్తులు గుత్తులుగా, చేపల వల దారాలకి వేలాడుతుంటాయి. రూపం వెనింగ్‌ది. ఆమె సెమరాంగ్‌లో డిజైన్ చదువుకుని, నగరంలో పేరు తెచ్చుకున్నది. ప్రాణం హర్సోయోది. ఏటికి ఇవతల, లెదోక్ పక్కనున్న మడ చెట్లకి అతను సెన్సర్లు కట్టాడు. ఇక్కడ ఒక చెట్టు గాలికి వంగితే అక్కడ ఒక గుత్తి వంగుతుంది. ఇక్కడ పోటు వస్తే అక్కడ కప్పంతా మెల్లగా పైకి లేస్తుంది. ఆటు తీస్తే దిగుతుంది.

ఆ మడ చెట్లున్న చోటే ఇప్పుడు హోటల్ వాళ్ళకి పడవల రేవు కావాలిట.

"ఎప్పుడిచ్చావు?" అంది వెనింగ్. మీరు పోయి నువ్వు వచ్చింది. అది ఇంకా ప్రమాదం.

"పోయిన నెల."

"అంటే నెలంతా నా పక్కన కూర్చుని సోయా తెంపే వేపుడు నములుతూ, ఈ గుత్తి కాస్త ఆలస్యంగా కదుల్తోంది చూడు, ఆ గుత్తి బాగా కుదిరింది చూడు అంటూ ఉన్నావు. అప్పటికే ఇచ్చేసి ఉన్నావు."

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

ఆమె కత్తి కింద పెట్టింది. అతను చాప మీద ఎదురుగా కూలబడ్డాడు. మొహం కడుక్కోలేదు, టీ తాగలేదు. తగాదాకి కూడా ఓపిక కావాలి. అది కూడదీసుకుంటున్నాడు.

"విను వెనింగ్. చెట్లు ఎలాగూ పోతాయి. పోయాక ఆకులు కదలవు. కదలని బొమ్మని ఆ హాల్లో ఎన్నాళ్ళుంచుతారు? విప్పి ఏ గోడౌన్‌లోనో పడేస్తారు. నిరుడు వానాకాలం గాలంతా నా దగ్గర దాచి ఉంది. ఏ కొమ్మ ఎంత ఊగిందో, ఏ పోటు ఎంత లేచిందో. అదే మళ్ళీ మళ్ళీ వేసుకుంటే ఎప్పటికీ కదులుతూనే ఉంటుంది. నేను నీ పనిని బతికించాను."

"చచ్చినవాడి ఫోటోకి కళ్ళార్పే యంత్రం పెట్టి, ఇదిగో బతికించానన్నట్టుంది."

"చూసేవాళ్ళకి తేడా తెలీదు."

"తెలీదనే కదా నా బాధ. తెలిస్తే అది ఆట. తెలీకపోతే అబద్ధం."

"పెద్ద పెద్ద మాటలు." అతని గొంతు మొదటిసారి లేచింది. "నీకు నీళ్ళంటే ఏం తెలుసు? వొనొసోబో కొండల్లో పుట్టావు. క్యాబేజీ తోటల్లో పెరిగావు. నీకు నీళ్ళంటే బొమ్మ చేసుకునే వస్తువు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లోంచి నీళ్ళు తోడుతున్నాను. మా నాన్న తోడాడు. మా అమ్మ ఈ వయసులో మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టుకుంటోంది. రేవు కట్టనిస్తే ఊరి చుట్టూ రాతి గట్టు పోయిస్తానన్నాడు హోటల్ యజమాని హెర్లంబాంగ్. గట్టొస్తే ఈ ఇల్లు నిలుస్తుంది. ఇంటి కోసం నేను గాలిని అమ్ముకోకూడదా?"

వెనింగ్ ఒళ్ళో పడ్డ వెదురు పొట్టు దులుపుకుంది.

ఏటి మీద ఏదో పడవ ఇంజను టపటపలాడుతూ దగ్గరికొచ్చి దూరమైంది. పెళ్ళై కోడలిగా ఈ ఊరొచ్చిన కొత్తలో వెనింగ్ ఆ చప్పుడికి ఉలిక్కిపడేది. ఇప్పుడు ఎవరి పడవో కూడా చెప్పగలదు. కానీ అది చెప్పి మొగుడి ముందు మెప్పు పొందాలనిపించలేదు.

"అయిందా మీ ఇద్దరిదీ?"

అత్తగారు ముర్తిని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులనిండా పాలబొంత చేప పొలుసులు. నడుముకి చుట్టుకున్న సరోంగ్ మోకాళ్ళ దాకా ఎగదోపి ఉంది.

"ఒకరు చెట్లంటారు, ఒకరు గట్టంటారు. చెట్లు నాటినదాన్ని నేనిక్కడే ఉన్నాను. నన్నొక్కరూ అడగరేం?"

వెనింగ్ లేచి నిలబడింది. "మీరే చెప్పండి అత్తయ్యా. మావయ్యా మీరూ కలిసి నాటారు. చేపల చెరువులు మునిగిపోయాక, మొలకలు బుట్టలకెత్తుకుని..."

"నరికెయ్యనీ."

కోడలి నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది.

"నరికెయ్యనీ అంటున్నాను. గట్టొస్తుందంటే నరకనీ. చెట్లు నా మొగుడు కాదు, నా కొడుకూ కాదు. నీళ్ళు ఆపుతాయని నాటాం. కొన్నాళ్ళు ఆపాయి, ఇప్పుడు వాటి శక్తి చాలడంలేదు. నాకు పొడినేల కావాలి పిల్లా. పోయేలోగా ఒక్క రాత్రైనా, మంచం దిగితే కాళ్ళకి నీళ్ళు తగులుతాయేమోనన్న భయం లేకుండా పడుకోవాలి. అది తప్పా?"

"తప్పు కాదు."

"మరి?"

హర్సోయో భార్య మొహంలోకి చూశాడు. గెలిచాననుకున్నాడు. అంతలోనే ఆ గెలుపు నోట్లో చేదుగా తగిలింది. ఆమె అంత తెల్లబోవడం అతనెప్పుడూ చూడలేదు.

వెనింగ్ తేరుకుని అత్తగారి వైపు ఒక అడుగు వేసింది.

"నరకనివ్వండి అత్తయ్యా. మీ నేల, మీ చెట్లు. నేను అడ్డం రాను. కానీ నరికాక అక్కడ నా ఆకులు ఆగిపోవాలి. ఆ హాల్లో కాఫీ తాగేవాళ్ళు తలెత్తి చూసి, ఇదేంటి ఆగిపోయిందేం అని అడగాలి. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఇక్కడ చెట్టు లేనప్పుడు అక్కడ ఉన్నట్టు నటించడానికి నేనది చెయ్యలేదు."

"ఆగిపోయిన బొమ్మని చూడ్డానికి ఎవరొస్తారే?"

"రాకపోతే రాకపోనీండి."

"మొండిఘటం," అంది ముర్తిని. తిట్టిందో, ఇంకేదైనానో తెలీని గొంతు అది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "రాళ్ళు ముందు, చెట్లు తర్వాత. అంతే కదురా ఆయనన్నది?"

"అంతేనమ్మా. ఊరి సమావేశంలో అందరి ముందూ అన్నాడు. గట్టు పూర్తయ్యేదాకా చెట్టు మీద చెయ్యి వెయ్యనన్నాడు."

"సరే అయితే. నా కెబాయా జాకెట్టు ఇస్త్రీ చేసి పెట్టండి ఎవరైనా. ఊరంతా విందుకి పోతోంది. ఆ పసుపన్నం గోపురం ఎంత ఎత్తు పెడతారో నేనూ చూస్తాను."

*

పడవలో ముగ్గురూ మూడు వైపులు చూస్తూ కూర్చున్నారు.

గాలి లేదు. ఏరు నూనె పోసినట్టు మెరుస్తోంది. మడ చెట్ల ఆకులు ఒక్కటీ కదలడం లేదు. హోటల్ ముందు పాతిన రంగు రంగుల జెండాలు కర్రలకి అంటుకుపోయి వేలాడుతున్నాయి.

మెట్లెక్కి హాల్లోకి అడుగుపెట్టగానే వెనింగ్ ఆగిపోయింది.

కప్పు నిండా తుఫాను. గుత్తులన్నీ ఒక వైపుకి విరుచుకుపడి, మళ్ళీ లేచి, మెలితిరుగుతున్నాయి. వెదురు ఆకులు ఒకదాన్నొకటి రాసుకుని వాన కురిసినట్టు చప్పుడు చేస్తున్నాయి. కింద బాటిక్ చొక్కాల వాళ్ళు, పట్టు శాలువాల వాళ్ళు తలలెత్తి ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

అందంగా ఉంది. అది కాదనలేకపోయింది. తన చేతి పనే అది. ఆ మెలిక కోసం ఒక వేసవంతా ఒకే కీలుని మళ్ళీ మళ్ళీ చెక్కింది. అందంగా ఉండడమే ఆమెకి ఎక్కడో కోసినట్టయింది.

హర్సోయో ఆమె పక్క నుంచి తప్పుకుని, మెట్ల కిందున్న తన యంత్రాల బీరువా దగ్గరికి పోయాడు. ముర్తిని ఊరివాళ్ళున్న భోజనాల బల్లల వైపు నడిచింది.

హెర్లంబాంగ్ తన గదిలో లేచి నిలబడి మరీ వెనింగ్‌ని ఆహ్వానించాడు. మెత్తని మనిషి. అతను గొంతు పెంచడం ఎవరూ వినలేదు. కోప్పడాల్సి వస్తే ఇంకా మెల్లగా మాట్లాడతాడని అతని దగ్గర పనిచేసేవాళ్ళు చెప్పుకుంటారు.

"కూర్చోండమ్మా. టీ తీసుకోండి. మీ ఆకులు చూసి నగర పెద్దలు మాటలు మరిచిపోయారు."

"ఆ గాలి ఇవాళ్టిది కాదండీ."

"కాదు. ఇవాళ గాలి లేదు కదా. పొద్దున్న చూస్తే అవి ఉతికి ఆరేసినట్టు వేలాడుతున్నాయి. ప్రారంభం రోజు అలా ఉంటే బాగుంటుందా చెప్పండి? పెళ్ళికూతురు ఏడుపు మొహంతో పీటల మీద కూర్చున్నట్టుంటుంది. మీవారు మంచి ఉపాయం చెప్పారు."

"ఏటి మీద గాలి లేకపోతే అవి ఊరుకోవాలి. వాటి పని అదే. వాటిని చెట్లకి కలపండి. లేదా కింద గోడ మీద నా పేరు తీసెయ్యండి."

హెర్లంబాంగ్ టీ కప్పు ఆమె వైపు ఇంకొంచెం జరిపాడు.

"పేరు తీస్తే ఎలా? మీ పేరుండబట్టే ఇంతమంది వచ్చారు. వస్తువు మాది, పేరు మీది. అలాగే ఉండనివ్వండి, ఇద్దరికీ మర్యాద."

"వస్తువు మీదే. కదలిక నాది."

అతను నవ్వాడు. వెటకారం లేని నవ్వు. అదే ఎక్కువ నొప్పించింది.

"కదలిక మీవారిదమ్మా. ఆయనిచ్చేశారు."

వెనింగ్ టీ ముట్టకుండా లేచింది. గుమ్మం దగ్గర అతను మళ్ళీ మృదువుగా అన్నాడు:

"అన్నం గోపురం కోసే ముందు మీరు రెండు మాటలు మాట్లాడాలి. మరిచిపోకండి. ప్రకృతి, సాంకేతికత, అలాంటివి. మీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు," అంది వెనింగ్. "నాకు తెలుసు ఏం మాట్లాడాలో."

*

గామెలాన్ వాద్యాలు సద్దుమణిగాయి. ప్రార్థన అయింది. వేదిక మీద పసుపన్నం గోపురం ముర్తిని ఊహించినదానికన్నా ఎత్తుగానే ఉంది.

వెనింగ్ మైకు అందుకుంది. మాట్లాడే ముందు కాసేపు హాలంతా చూసింది. ముందు వరసల్లో నగర పెద్దలు. వెనకాల, పక్క తలుపుల దగ్గర, లెదోక్ మొత్తం. పిల్లాపాపా, ముసలీముతకా అందరూ. మామూలుగా విందుకి ఇంటికొకరిని పిలుస్తారు. హెర్లంబాంగ్ ఇంటిల్లిపాదినీ పిలిచాడు.

"అందరికీ నమస్కారం. మీ తల మీద ఊగుతున్నవి నేను చేసిన ఆకులు. వీటిని ఏటికవతల మడ చెట్లు కదిలిస్తాయని మీకిచ్చిన కాగితంలో రాసి ఉంది. నిన్నటిదాకా అది నిజం."

హెర్లంబాంగ్ మొహంలో చిరునవ్వు అలాగే ఉంది.

"ఒక్కసారి అద్దాల్లోంచి బయట జెండాలు చూడండి."

తలలు తిరిగాయి. జెండాలు కదలడం లేదు.

"బయట గాలి లేదు. మరి లోపల ఈ తుఫానెక్కడిది? ఇది నిరుటి గాలి. నిరుడు వానాకాలంలో మా ఊళ్ళో ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన రోజులదీ గాలి. దాన్ని పట్టి దాచి, మీకిప్పుడు చూపిస్తున్నారు. బాగుంది. బాగాలేదని నేననను. కానీ నేను చేసింది ఇది కాదు. నా పేరు పెట్టి నిరుటి గాలిని ఇవాళ్టి గాలి అంటే నేనూరుకోను."

ఎవరో దగ్గారు. ముందు వరసలో ఒకాయన పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. మేనేజరు వేదిక వైపు రెండడుగులు వేసి, యజమాని కనుసైగ కోసం ఆగాడు.

వెనింగ్ మెట్ల కిందికి చూసింది. హర్సోయో బీరువా తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"హర్సోయో," అంది మైకులోనే. ఊరందరి ముందు మొగుణ్ణి పేరుపెట్టి పిలిచింది. "చెట్లకి కలుపు."

అతను కదలలేదు.

అతను హెర్లంబాంగ్ వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. ముర్తిని చేతిలో అరిటాకు పొట్లం పట్టుకుని, కొడుకునే చూస్తోంది. ఔననలేదు, కాదనలేదు.

హర్సోయో బీరువాలోకి చెయ్యి పెట్టి స్విచ్ తిప్పాడు.

తుఫాను ఆగిపోయింది. గుత్తులన్నీ ఊపిరి వదిలినట్టు కిందికి జారి నిలిచిపోయాయి.

"ఇంతేనా?" అన్నారెవరో. కొందరు నవ్వారు.

"ఇవాళ్టికి ఇంతే," అంది వెనింగ్. "గాలి లేదని చెప్పాగా. కాసేపు చూడండి. తొందరేముంది, అన్నం ఎలాగూ చల్లారిపోయింది."

ఆ మాటకి లెదోక్ వాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో మిగతావాళ్ళూ కలిశారు.

కాసేపటికి కనిపించడం మొదలైంది. ఆటు తీస్తోంది. కప్పంతా కంటికి ఆననంత మెల్లగా దిగుతోంది. ఒక గుత్తి అంచున ఒకే ఒక్క ఆకు వణికింది. తర్వాత మధ్యలో ఒక గుత్తి ఉన్నట్టుండి కిందికి కుంగి, రెండుసార్లు ఊగి సర్దుకుంది.

"కొంగ వాలింది," అన్నాడు వెనకనుంచి ఊరివాడెవరో.

హాలంతా మెత్తగా నవ్వింది. ఇందాక ఫోన్లు ఎత్తినవాళ్ళు ఇప్పుడు దించి, ఉత్తి కళ్ళతో చూస్తున్నారు. వెనింగ్ తలెత్తి చూస్తూ నిలబడింది. ఈ ఒక్క క్షణం కోసమే కదా రెండేళ్ళు వెదురు చెక్కింది.

అప్పుడు తూర్పు మూల గుత్తి ఎగిరిపడింది.

ఊగలేదు, వంగలేదు. ఎవరో కింద నుంచి తన్నినట్టు ఎగిరిపడి ఆగింది. మళ్ళీ ఎగిరిపడింది. ఆగింది. మళ్ళీ.

"మళ్ళీ కొంగా?" అని ఒకావిడ సరదాగా అడిగింది.

దెబ్బ దెబ్బకీ గుత్తి ఎగిరిపడుతోంది. వెదురు ఆకులు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. తర్వాత ఆ గుత్తి మొత్తం ఒక పక్కకి వాలి, దారాలు మెలిపడి, ఒక్కసారిగా కిందికి జారిపోయింది. ముందు వరసవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. గుత్తి వాళ్ళ తలలకి జానెడు ఎత్తున వేలాడుతూ ఉండిపోయింది.

హర్సోయో బీరువాలోని తెర వైపు చూస్తున్నాడు. అతని మొహం పాలిపోయింది.

"గొడ్డలి," అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. నిశ్శబ్దంలో అది హాలు చివరిదాకా వినిపించింది. "చెట్లు నరుకుతున్నారు. ఇప్పుడు."

వెనింగ్ హెర్లంబాంగ్ వైపు తిరిగింది. హాల్లో అందరూ కప్పు వైపు చూస్తుంటే, అతనొక్కడూ చూడడం లేదు. మేనేజరుని చూస్తున్నాడు. ఆమెకి అంతా అర్థమైంది. ఊరంతా ఇక్కడ అరిటాకుల ముందుంది. అక్కడ చెట్ల దగ్గర అడిగేవాడు ఒక్కడూ లేడు.

"ఆ బీరువాకి కరెంటు తీసెయ్యండి," అన్నాడు హెర్లంబాంగ్. చాలా మెల్లగా అన్నాడు.

ఇద్దరు మనుషులు కదిలారు. హర్సోయో బీరువా తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ముట్టుకోకండి." తర్వాత వాళ్ళ తలల మీదుగా యజమానితో అన్నాడు, "రాళ్ళు ముందన్నారు కదండీ. ఊరందరి ముందూ అన్నారు. ఒక్క రాయి దిగిందా అండీ ఇప్పటిదాకా?"

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం, హర్సోయో. అతిథులున్నారు."

"ఉండనివ్వండి. వాళ్ళూ వింటారు."

ఇంకో గుత్తి ఎగిరిపడడం మొదలైంది.

ముర్తిని చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టింది. కెబాయా అంచులు సర్దుకుంది. వేదిక ముందుకొచ్చి, కొత్త పాలరాతి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడింది.

"బాబూ, నరకమన్నదాన్ని నేను," అంది హెర్లంబాంగ్‌తో. "పొద్దున్నే ఈ కోడలితో పోట్లాడాను నీ తరఫున. గట్టు కట్టు, నరుక్కో అన్నాను. మమ్మల్ని అన్నానికి పిలిచి, వెనక నుంచి దొంగతనంగా నరకమనలేదు." అని ఊరివాళ్ళ వైపు తిరిగింది. "తిన్నది చాలు. లెండి."

బల్లలు జరిగాయి. ఎవరూ అరవలేదు. లెదోక్ మొత్తం లేచి, పక్క తలుపుల్లోంచి రేవు మెట్ల వైపు నడిచింది. కొందరు చేతులు కడుక్కోలేదు కూడా.

హెర్లంబాంగ్ వేదిక దగ్గరికొచ్చి వెనింగ్‌కి మాత్రం వినపడేలా అన్నాడు:

"రెండు మాటలు చెప్పి ముగించెయ్యండమ్మా. మీకూ మంచిది."

"ముగియలేదు కదండీ," అంది వెనింగ్ మైకులో. "ఇంకా చెట్లున్నాయి." ముందు వరసల వైపు తిరిగింది. "మీరు కూర్చోండి. దయచేసి చూస్తూ ఉండండి. ఒక్కో గుత్తి పడితే ఒక్కో చెట్టు పడినట్టు."

మైకు వేదిక మీద పెట్టేసి దిగింది. మెట్ల కింద భర్త ఎదురుగా ఆగింది. పొద్దుట్నుంచి ఇద్దరూ ఇంత దగ్గరగా నిలబడలేదు.

"నువ్వు వెళ్ళు," అన్నాడు హర్సోయో. "నేనిక్కడుంటాను. దీన్ని తిప్పనివ్వను."

ఆమె అతని చేతి వైపు చూసింది. స్విచ్ పక్కనే ఉంది ఆ చెయ్యి. నెల క్రితం నిరుటి గాలిని పట్టుకెళ్ళి ఇచ్చొచ్చిన చెయ్యి.

"ఉంటావా?"

"వెళ్ళు వెనింగ్."

ఉంటానని అతను అనలేదు. అడగడానికి ఇంక వ్యవధి లేదు. బయట అత్తగారు పిలుస్తోంది.

ఆమె రేవు మెట్లు దిగి ఆఖరి పడవలోకి దూకింది. ఇంజను రేగింది. ఏటికవతల, కదలని చెట్ల మధ్య నుంచి గొడ్డలి చప్పుడు ఇప్పుడు చెవికే వినిపిస్తోంది. పడవ ఒడ్డు విడిచాక వెనింగ్ వెనక్కి తిరిగి చూసింది.

అద్దాల వెనక బీరువా దగ్గర హెర్లంబాంగ్ కనిపించాడు. ఒక్కడే వచ్చాడు. హర్సోయో భుజం మీద చెయ్యి వేసి, తల దగ్గరగా పెట్టి ఏదో చెబుతున్నాడు. హర్సోయో వింటున్నాడు. కాదని తల అడ్డంగా ఊపడం లేదు. ఊరికే వింటున్నాడు.

వెనింగ్ పడవ అంచు గట్టిగా పట్టుకుంది. ఆ అద్దాల వెనక ఆకులన్నీ ఒక్కసారి లేచి తుఫానులా ఊగితే, అంతే. అతను మళ్ళీ ఇచ్చేసినట్టు.

ఊగలేదు.

ఇంకో గుత్తి ఎగిరిపడి, వాలి, కిందికి జారింది. అంటే అతను ఇంకా స్విచ్ వదల్లేదు. అంటే ఇంకో చెట్టు పోయింది.

"త్వరగా పోనీ," అంది పడవవాడితో.